రోగ్‌లైక్ అంటే రోగం కాదు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే మాట చుట్టూ తిరిగాయి. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి శీర్షికంతా దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: గేమ్ స్టోర్ తెరిస్తే చాలు, కొత్త ఆట ఏది చూసినా కింద ‘రోగ్‌లైక్’ అని ఉంటోంది. మా ఆఫీసులో ఒకాయన అది చస్తే మళ్లీ మొదటినుంచి ఆడే ఆట అంటాడు, ఇంకొకాయన మ్యాపు మారిపోయే ఆట అంటాడు. ఇంతకీ అర్థమేమిటి? ఆ పేరు ఎక్కడిది?
— ఒక టెస్టింగ్ ఇంజినీరు, మారతహళ్లి

జవాబు: ఇద్దరూ చెరి సగం చెప్పారు. రెండూ కలిస్తేనే రోగ్‌లైక్.

‘రోగ్’ అని ఒక పాత కంప్యూటర్ ఆట ఉంది. దాన్ని పోలినవి రోగ్‌లైక్‌లు. మాటకు అర్థం అంతే. ఇంగ్లిష్‌లో రోగ్ అంటే తుంటరి, పోకిరి. మన రోగానికీ దానికీ చుట్టరికం లేదు, ఆడటం మొదలుపెట్టి నిద్ర మానేసినవాళ్లు ఒప్పుకోకపోవచ్చు గానీ.

మనకు తెలిసిన రమ్మీతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఆట అయిపోగానే ముక్కలు కలిపేస్తారు. కిందటి ఆటలో మీ చేతిలో ఎంత మంచి సీక్వెన్స్ ఉన్నా ఈ ఆటకు అది రాదు. పంచే ముక్కలు మీ ఇష్టం కాదు. అయినా ఏ ముక్క ఎప్పుడు పారేయాలో తెలిసినవాడు పది ఆటల్లో ఆరేడు గెలుస్తాడు. రోగ్‌లైక్ సూత్రం అదే. మీరు దిగే సొరంగాన్ని కంప్యూటర్ ప్రతిసారీ కొత్తగా కలిపి పంచుతుంది. చస్తే కత్తి, డాలు, బంగారం అన్నీ పోతాయి. మిగిలేది మీకు అబ్బిన ఆట ఒక్కటే. వైకుంఠపాళితో పోల్చేవాళ్లు ఉన్నారు కానీ అది కుదరదు. అక్కడ పాములూ నిచ్చెనలూ కదలవు, పందెం ఒక్కటే మారుతుంది. ఇక్కడ పటమే మారిపోతుంది.

ఇక పుట్టుక. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రూజ్ క్యాంపస్ విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ రోగ్ రాశారు. తర్వాత టాయ్ బర్క్‌లీ క్యాంపస్‌కు వెళ్లినప్పుడు కెన్ ఆర్నల్డ్ తోడయ్యాడు. ఈ ఆర్నల్డ్ ‘కర్సెస్’ అనే ప్రోగ్రామ్ లైబ్రరీ రాసినవాడు. అది ఉంటే టెర్మినల్ తెర మీద ఏ చోట కావాలంటే ఆ చోట ఒక అక్షరం పెట్టొచ్చు. అప్పటి తెర మీద బొమ్మల్లేవు. అడ్డంగా 80 అక్షరాలు, నిలువుగా 24 వరసలు, అంతే. ఆ కాస్త చోటులోనే గదులు, దారులు, రాక్షసులు అన్నీ ఇమిడాయి:

```
-------------
|.....!.....|
|..@........+####
|.......:...|   #
-------------   #
```

@ మీరు. చుక్కలు నేల, గీతలు గోడలు, + తలుపు, # నడవా. ఆశ్చర్యార్థకం సీసాలో మందు, రెండు చుక్కలు తిండి. రాక్షసులు ఇంగ్లిష్ పెద్దక్షరాలు. అక్షరాలు 26 గనుక రాక్షసులూ 26 రకాలే. సొరంగంలో 26వ అంతస్తు దాకా దిగి, ‘యెండర్ తాయెత్తు’ తీసుకుని, మళ్లీ బతికి పైకి రావాలి. దిగడం వచ్చి తిరిగి రావడం చేతకాని అభిమన్యులే ఎక్కువ.

పేరు రోగ్ అనే ఎందుకు? అప్పటికి కాగితం మీద ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో జట్టుగా వెళ్లేవారు. ఇందులో ఒంటరిగా వెళ్తారు కాబట్టి ఒంటరి పోకిరి. పైగా కమాండ్ టైప్ చేయడానికి పొట్టి పేరైతే సుఖం.

ఈ ఆట యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తాలూకు బర్క్‌లీ ప్రతి 4.2తో పాటు 1983లో ఎన్నో విశ్వవిద్యాలయాలకు చేరింది. కానీ మొదటినుంచీ ఆడటానికి పనికొచ్చే ప్రోగ్రామే ఇచ్చారు, సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రతి, ఇవ్వలేదు. ఇంత సంతానం పుట్టింది అందుకే. మార్చుకోవాలంటే కోడ్ లేదు కాబట్టి, నచ్చినవాళ్లు మొదటినుంచి సొంతంగా రాసుకోవాల్సి వచ్చింది. జే ఫెన్‌లేసన్ అనే హైస్కూల్ విద్యార్థి స్నేహితులతో కలిసి 1982లో ‘హ్యాక్’ రాశాడు. దాని వారసురాలే 1987 నాటి ‘నెట్‌హ్యాక్’. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కోనెకీకి తన కంప్యూటర్ మీద రోగ్ దొరకక ‘మోరియా’ రాసుకున్నాడు, 1983లో. దాన్నుంచి ‘ఆంగ్‌బాండ్’ వచ్చింది.

1993లో యూజ్‌నెట్ అనే పాతకాలపు నెట్‌వర్క్ చర్చావేదికల్లో వీటన్నిటికీ కలిపి ఒక గూడు కట్టాలనుకున్నప్పుడు పేరు మీద వాదన నడిచింది. అన్నిట్లోకీ రోగ్ పెద్దది కదా అని ‘రోగ్‌లైక్’ ఖాయం చేశారు. నిజానికి రోగ్ కంటే ముందే, 1978లో, డాన్ వర్త్ యాపిల్ టూ కంప్యూటర్‌కు ‘బినీత్ యాపిల్ మేనర్’ అనే ఇలాంటి ఆట రాశాడు. కానీ క్యాంపస్‌ల నిండా ఉన్నది రోగ్. ఊళ్లో ఎవరి పేరు వాడుకలో ఉంటే ఇల్లూ ఆ పేరుతోనే పిలుస్తారు.

ప్రశ్న: ‘హేడీస్’ రోగ్‌లైక్ అంటే మా తమ్ముడు కాదు, ‘రోగ్‌లైట్’ అంటున్నాడు. ఒక్క అక్షరానికి ఇంత గొడవా?
— విజయనగర నుంచి

జవాబు: మీ తమ్ముడిదే సరైన మాట. గొడవ అక్షరానిది కాదు, లెక్కది. చచ్చిన తర్వాత తర్వాతి ఆటకు ఏం వెంట వస్తుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి.

ఏమీ రాకపోతే రోగ్‌లైక్. కొత్త పాత్రలు, కొత్త ముక్కలు తెరుచుకున్నా మీ బలం పెరగకపోతే అప్పటికీ రోగ్‌లైక్ వైపే వేయొచ్చు. ప్రాణశక్తి, దెబ్బ బరువు లాంటివి శాశ్వతంగా పెరుగుతూ పోతే అది రోగ్‌లైట్. రమ్మీలో ఓడినవాడికి తర్వాతి ఆటలో ఒక జోకర్ అదనంగా ఇచ్చినట్టు. 2013లో ‘రోగ్ లెగసీ’ తయారీదారులు తమ ఆటను రోగ్-లైట్ అని పిలుచుకున్నాక ఈ మాట బాగా వ్యాపించింది. అందులో మీరు చస్తే మీ వారసుడు కోటకు వస్తాడు, తాత కూడబెట్టిన బంగారంతో కోట పెంచుకుంటాడు, మిగిలిన సొమ్మును గుమ్మం దగ్గర కేరన్ అనేవాడు ఊడ్చుకుంటాడు. అందుకే బయల్దేరేముందే ఖర్చు పెట్టేయాలి.

2020 నాటి హేడీస్‌లో చీకటి అనే సరుకు పోగేసి అద్దంలో శక్తులు కొనుక్కుంటారు, అవి మీతోనే ఉంటాయి. పైగా గాడ్ మోడ్ అనే సెట్టింగ్ పెడితే దెబ్బలు మొదటే 20 శాతం తగ్గుతాయి, చచ్చినప్పుడల్లా మరో 2 శాతం, గరిష్ఠంగా 80 దాకా. కథ చూడాలనుకునేవారికి అది చక్కటి ఏర్పాటు. మొహమాటపడకుండా పెట్టుకోండి.

పాతకాపులు ఇంకా గట్టి గీత గీస్తారు. 2008లో బెర్లిన్‌లో రోగ్‌లైక్ తయారీదారులు సమావేశమై లక్షణాల జాబితా రాశారు, దాన్నే ‘బెర్లిన్ నిర్వచనం’ అంటారు. పటం యాదృచ్ఛికంగా పుట్టాలి, చావు శాశ్వతం కావాలి, వంతుల వారీగా నడవాలి, నేల గళ్లుగా ఉండాలి, పోరాటానికి వేరే తెర రాకూడదు, తిండీ మందులూ లెక్కగా వాడుకోవాలి, ఇలా. వీటికి బరువెక్కువ. అక్షరాలతో గీసిన తెర, సొరంగం లాంటివాటికి బరువు తక్కువ. ఒకటి రెండు లేనంత మాత్రాన వెలివేయకూడదనీ అందులోనే ఉంది. ఆ వాక్యం మాత్రం ఎవరూ చదవరు.

ఆ జాబితా ప్రకారం 2008 నాటి ‘స్పెలంకీ’ కూడా తప్పిపోతుంది, అది దూకుతూ పరుగెత్తే ఆట కనుక. కానీ యాదృచ్ఛిక పటాన్నీ, శాశ్వత చావునీ పట్టుకెళ్లి వేరే రకం ఆటలో నాటొచ్చని చూపించింది డెరెక్ యూ చేసిన ఆ ఆటే. ‘బైండింగ్ ఆఫ్ ఐజాక్’ 2011లో, ‘ఎఫ్‌టీఎల్’ 2012లో అదే బాట పట్టాయి. ఇప్పుడు స్టోర్‌లో మీరు చూసే రోగ్‌లైక్‌లు చాలావరకు రోగ్ పిల్లలు కావు, స్పెలంకీ పిల్లలు. మా దృష్టిలో లైక్, లైట్ తేడా వాదన గెలవడానికి కాదు, కొనేముందు తెలుసుకోవడానికి పనికొస్తుంది.

ఫోన్ ఆటలతో జాగ్రత్త. చచ్చినప్పుడు ‘ప్రకటన చూసి బతకండి’ అని అడిగితే పైన ఏ పేరున్నా అది ఈ కులం కాదు.

ప్రశ్న: రోజూ వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా మెట్రోలో వెళ్తాను. ఫోన్‌లో ‘షాటర్డ్ పిక్సెల్ డంజన్’ వేసుకున్నాను. అయిదో అంతస్తు దాటి ఒక్కసారీ పోలేదు. తప్పెక్కడ?
— పర్పుల్ లైన్ ప్రయాణికుడు

జవాబు: మంచి ఆట పట్టారు. ఆండ్రాయిడ్‌లో ఉచితం, నెట్ అక్కర్లేదు, సోర్స్ కోడ్ కూడా బహిరంగం. 26 అంతస్తులు, అడుగున యెండర్ తాయెత్తు. తాత ఎవరో చెప్పనక్కర్లేదు. వంతుల ఆట కాబట్టి ఇందిరానగర్‌లో జనం తోసుకొచ్చినా ఫోన్ జేబులో పెట్టేయండి, మీరు అడుగేసేదాకా ఎలుక కూడా కదలదు.

అయిదో అంతస్తులో చంపేది గూ అనే నల్లటి జిగురు ముద్ద. అది ఉబ్బడం మొదలుపెట్టిందంటే తర్వాతి దెబ్బ మామూలుది కాదు. అక్కడే నిలబడి ఇంకొక్క పోటు పొడుద్దామనుకోవడమే అందరూ చేసే తప్పు. ఉబ్బగానే దూరం జరగండి, దెబ్బ గాలికి పోనివ్వండి, మళ్లీ దగ్గరికెళ్లండి. రెండోది, నీళ్లలో నిలబడితే దానికి గాయాలు మానతాయి. పొడి నేల మీదకు లాక్కురండి.

అయినా అసలు తప్పు అయిదో అంతస్తుకు ముందే జరుగుతుంది. ప్రతి అయిదు అంతస్తులకు 3 అప్‌గ్రేడ్ పత్రాలు, 2 బలం మందులు తప్పక దొరుకుతాయి. మూడు పత్రాలనూ మూడు వస్తువులకు పంచేస్తే ఏదీ అక్కరకు రాదు. మొత్తం ఒక్కదానికే పెట్టండి, కొత్తవారికి కవచం మేలు. వస్తువు మీద రాసిన బలం చూడండి. మీరు 10తో మొదలవుతారు. 14 బలం కోరే కవచం తొడిగితే అది కాపాడదు సరికదా, దెబ్బ తప్పించుకునే నేర్పునూ నడకనూ కుంటుపరుస్తుంది.

తలుపు మీ ఆయుధం. గుంపు వెంటపడితే తలుపు దాటి, దానికి ఒక గడి ఇవతల నిలబడండి. ఒక్కొక్కరే వస్తారు, మిమ్మల్ని చూడకముందే తలుపులోకి అడుగుపెట్టినవాడికి మీ దెబ్బ తప్పదు. వెడల్పాటి గదిలో ముగ్గురి మధ్య నిలబడితే వీరత్వం కనిపిస్తుంది, ఆట అయిపోతుంది.

తెలియని మందుల్ని ప్రాణం మీదకొచ్చాక ‘ఇది గాయం మాన్పేదేమో’ అని తాగకండి. ఒంటి నిండా ప్రాణం ఉన్నప్పుడు, చుట్టూ శత్రువులు లేనప్పుడు, నీటి పక్కన తాగండి. మంటల మందు అయితే నీళ్లలోకి అడుగేస్తే ఆరిపోతుంది, విషవాయువైతే పరుగెత్తడానికి దారి ఉంటుంది. ఆకలి 300 వంతులకు మొదలై 450కి పస్తుగా మారుతుంది, అప్పటినుంచి ప్రాణం తగ్గుతుంది. ‘ఆకలి’ అని కనిపించగానే తినాలని లేదు. పస్తు దగ్గరపడేదాకా ఆగితే తిండి వృథా కాదు. అన్ని అంతస్తుల్లోనూ తాపీగా విశ్రాంతి తీసుకుంటూ కూర్చోనివ్వకుండా తరిమేది ఈ ఆకలే. 1980 నాటి రోగ్‌లోనూ తిండి పని అదే.

ప్రశ్న: బీఈ మూడో సంవత్సరం. మినీ ప్రాజెక్టుకు చిన్న రోగ్‌లైక్ రాస్తున్నాను. గదులు వస్తున్నాయి, కానీ కొన్నిసార్లు మెట్లున్న గదికి దారే ఉండదు. ఏం చేయాలి?
— ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఒక కాలేజీ విద్యార్థి

జవాబు: గదులు ఎక్కడపడితే అక్కడ వేసి తర్వాత కలుపుతున్నారన్నమాట. రోగ్ పద్ధతి తిరగేసి ఉంటుంది, మీ ప్రాజెక్టుకు అది చాలు.

80 × 24 తెరలో పై వరస సందేశాలకు, కింది వరస లెక్కలకు వదలండి. మిగిలిన 22 వరసల్ని 3 × 3గా, అంటే తొమ్మిది అరలుగా కోయండి. ఒక్కో అర 26 వెడల్పు, 7 ఎత్తు. ఒక్కో అరలో ఒకే గది, గోడలతో కలిపి కనీసం 4 × 4. గది అరను పూర్తిగా నింపకూడదు. కుడివైపు, కిందివైపు కనీసం ఒక గడి ఖాళీ ఉంచండి, లేకపోతే పక్క గదుల గోడలు అంటుకుని నడవా వంపు తిరగడానికి చోటుండదు, గోడను కోసేస్తుంది.

ఇప్పుడు కలపడం. ఏదో ఒక గదిని ‘కలిసింది’ అని గుర్తు పెట్టండి. దాని పక్క అరల్లో ఇంకా కలవనిది ఒకటి యాదృచ్ఛికంగా ఎంచి నడవా వేయండి, దాన్నీ గుర్తు పెట్టి అక్కడినుంచి సాగండి. పక్కన కలవనిది లేకపోతే ఇప్పటికే కలిసినవాటిలో మరోదానికి మారండి. తొమ్మిదీ కలిసేసరికి నడవాలు కచ్చితంగా 8 అవుతాయి. దారి లేని గది అనే మాటే ఉండదు. ఇక్కడ ఆపితే పటం చెట్టు కొమ్మల్లా ఉంటుంది, ప్రతి చివరా వెనక్కి నడవాల్సిందే, ఆటగాడికి విసుగు. అందుకే రోగ్ చివర్లో 0 నుంచి 4 దాకా అదనపు నడవాలు వేస్తుంది. పారిపోయి చుట్టూ తిరిగొచ్చే దారులు వాటివల్లే ఏర్పడతాయి. ఈ అదనం మానేయకండి.

తర్వాత 1000 సీడ్‌లతో (ఒక్కో యాదృచ్ఛిక పటానికి మూలమైన అంకె) పటాలు పుట్టించి, మొదలుపెట్టే గడి నుంచి నీళ్లు పారినట్టు నేలంతా నింపి చూసే పరీక్ష రాయండి. మెట్లను చేరకపోతే ఆ సీడ్ అంకె అచ్చు వేయించండి, తప్పు మళ్లీ పుట్టించి చూడొచ్చు. ఇంకోటి: పటానికీ పోరాటానికీ ఒకే రాండమ్ జనరేటర్ వాడొద్దు. వాడితే మొదటి అంతస్తులో ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టినా రెండో అంతస్తు పటం మారిపోతుంది, సీడ్ ఇచ్చి లాభం లేదు. రెండు జనరేటర్లు పెట్టండి.

సేవ్ సంగతి కూడా. రోగ్ సేవ్ ఫైలు తెరవగానే చెరిపేసేది, పాత ప్రతికి పారిపోకుండా. నేడు అలా చేస్తే కరెంటు పోయినా, ఫోన్ యాప్‌ను మూసేసినా ఆట గాలికి పోతుంది, ఆటగాడు మిమ్మల్ని తిడతాడు. ప్రతి అంతస్తులోనూ కొత్త ఫైలు వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక పాతదాని పేరు పెట్టండి. చచ్చినప్పుడు మాత్రం ‘మీరు మరణించారు’ తెర చూపించడానికి ముందే ఫైలు తీసేయండి. తర్వాత తీద్దామనుకుంటే, ఆ తెర మీదే యాప్ మూసి బతికొచ్చేవాళ్లు మొదటిరోజే పుడతారు.

ప్రశ్న: మా అబ్బాయి సెకండ్ పీయూసీ. ఫోన్‌లో ‘బలాట్రో’ అని పేకాట ఆడుతున్నాడు. అడిగితే ‘రోగ్‌లైక్ అమ్మా, పేకాట కాదు’ అంటాడు. డబ్బు పోయే ఆటేనా?
— ఒక తల్లి, కె.ఆర్. పురం

జవాబు: డబ్బు పోదండీ. 2024లో వచ్చిన ఆట. ఒక్కసారి కొనుక్కోవాలి, తర్వాత లోపల కొనేదేమీ ఉండదు, ఎదుటివారితో పందెమూ లేదు. పేకముక్కలతో చేసే గుణకారం అనుకోండి. రెండు ఎనిమిదుల జత వేస్తే జతకు 10, ముక్కలకు 16, మొత్తం 26, దాన్ని 2తో హెచ్చిస్తే 52. మొదటి గురి 300, వేసే అవకాశాలు నాలుగు. నాలుగుసార్లూ ఇలాంటి జతలే వేస్తే 208 దగ్గర చతికిలపడతాడు. అదే అయిదూ ఇస్పేట్లే అయి రాజు, పది, ఎనిమిది, ఏడు, అయిదు వేస్తే 35కు 40 కలిపి 75, నాలుగుతో హెచ్చిస్తే సరిగ్గా 300. జోకర్లు ఈ లెక్కను వంకరలు తిప్పుతాయి. ఓడితే పోగేసిన జోకర్లన్నీ పోయి మొదటికి రావాలి కాబట్టి మీవాడి మాట అబద్ధం కాదు.

యూరప్‌లో వయసు ముద్ర వేసేవారు కూడా మీలాగే అనుమానపడి దీనికి 18 వేశారు, అప్పీలు చేశాక 2025 ఫిబ్రవరిలో 12కు తగ్గించారు. మీరు చూడాల్సింది డబ్బు కాదు, టైము. ఒక ఆట పూర్తిగా సాగితే ముప్పావు గంట, గంట పడుతుంది, మధ్యలో ఆపినా ఉన్నచోటే ఉంటుంది. ‘ఇది అయిపోనీ అమ్మా’ అన్నది మాత్రం చెల్లదు.

ప్రశ్న: ‘మెట్రాయిడ్‌వేనియా’ కూడా ఇలాంటిదేనా?
— బొమ్మనహళ్లి

జవాబు: పేరు పెట్టిన తీరు అలాంటిదే, ఆట వేరు. ‘మెట్రాయిడ్’, ‘క్యాసిల్‌వేనియా’ అనే రెండు పాత ఆటల పేర్లు అతికించారు. పటం మారదు. దాటలేని గోడ దగ్గర ఆగి, ఎక్కడో కొత్త శక్తి సంపాదించి, వెనక్కొచ్చి దాటతారు. గోడ ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడమే ఆట. రోగ్‌లైక్‌లో గుర్తుపెట్టుకున్న పటం మర్నాటికి చెల్లని నోటు. రెండిటినీ కలిపినవాళ్లూ ఉన్నారు. 2018 నాటి ‘డెడ్ సెల్స్’ను తయారీదారులు ‘రోగ్‌వేనియా’ అన్నారు. ఇలాంటి పేర్లు నిలుస్తాయో లేదో చెప్పలేం. 1993లో ‘డూమ్’ వచ్చాక తుపాకీ పట్టుకుని పాత్ర కళ్లతోనే చూస్తూ ఆడే ప్రతి ఆటనూ చాలాకాలం డూమ్ నకలు అనేవారు, ఇప్పుడు ఆ మాట అనేవాడు లేడు. రోగ్ ఆడనివాళ్ల నోట్లో మాత్రం రోగ్ పేరు ఇంకా నానుతూనే ఉంది.